షోలాపూర్ శాలువాలు

ఐజాక్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు హైదరాబాదు కాప్రాలో లేరు. చర్చిలో ప్రసంగం మొదలైన పది నిమిషాలకే లేచి, ఫ్యాన్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసే నెపంతో వెనక వరసల్లోకి వెళ్లిపోతాడు. అరవై రెండేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. ఆ కాగితంలో ఆ రోజు చేయాల్సిన పనులుంటాయి. అవి అయిపోతే కిందే కొత్తవి రాసుకుంటాడు. భార్య మేబెల్ తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. క్లాసులో యాభైమందిని కూర్చోబెట్టగలిగాను గానీ ఇంట్లో ఒక్క మనిషిని కూర్చోబెట్టలేకపోయానని ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటుంది.

ఆ రోజు పొద్దున మాత్రం ఆయన కంగారుకు కారణం ఉంది. షోలాపూర్ నుంచి ఎనిమిదిమంది నేతపనివాళ్లు రైల్లో వస్తున్నారు. భోజనాల తర్వాత వాళ్ల సంఘానికీ, ఇక్కడి ఇరుగుపొరుగు మైత్రీ మండలికీ మధ్య ఒప్పందం మీద సంతకాలు. ఐజాక్ ఆ మండలికి ఆఫీసు కార్యదర్శి. ఈ ఒక్క కాగితం కోసం రెండేళ్లుగా ఫోన్లు చేశాడు, ఉత్తరాలు రాశాడు, మూడుసార్లు షోలాపూర్ వెళ్లొచ్చాడు. అక్కడ హరికిషన్ అనే మనిషికి మాటిచ్చాడు. తన సాంచాలను, అంటే మరమగ్గాలను, పాత ఇనుము కింద అమ్మేసి ఎక్కడో వాచ్‌మన్ పని చూసుకుందామనుకున్న హరికిషన్ ఆ మాట మీదే ఆగాడు. ఈ రోజు సంతకాలు పడకపోతే ఆ మనిషికి మళ్లీ మొహం చూపించలేనని ఐజాక్‌కు తెలుసు. అందుకే ఫోన్లో రైలు ఎక్కడుందో చూడటం, ఫోను జేబులో పెట్టుకోవడం, మళ్లీ తీయడం. చెరువు పక్క రోడ్డు మీద ఆరు గంటలకే రెండు చుట్లు తిరిగొచ్చాడు. మేబెల్ ఇచ్చిన టీ నిలబడే తాగి, కప్పు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి, వెతుకుతూ ఇంకో నాలుగు నిమిషాలు పోగొట్టుకున్నాడు.

ఐజాక్ తండ్రి పేతురు నర్సాపురం వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాడు. ఐజాక్ పుట్టింది, పెరిగింది, చదివింది అంతా ఇక్కడే. సెలవులకు నర్సాపురం వెళ్తే అక్కడి పిల్లలు ఆయన మాట విని "హైదరాబాదోడొచ్చాడ్రా" అని నవ్వేవాళ్లు. తిరిగొచ్చి బళ్లో కూర్చుంటే ఇక్కడివాళ్లు ఆంధ్రోడనేవాళ్లు. చిన్నప్పుడు దానికి ఏడ్చాడు, పెద్దయ్యాక నవ్వడం నేర్చుకున్నాడు. కానీ రెండు చోట్లా సగం మనిషిగానే మిగిలిపోయానన్న చిరాకు లోపల ఎక్కడో ఉండిపోయింది. ఒకచోట నిలవలేకపోవడం అక్కడే మొదలైందని మేబెల్ అంటుంది. ఆవిడ ఇలాంటి విషయాల్లో సాధారణంగా పొరబడదు.

మండలిని పెట్టింది అమ్మిరాజు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల వ్యాపారం. పాలకొల్లు దగ్గర్నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చాడు. రాష్ట్రం విడిపోయే రోజుల్లో ఇటువాళ్లు అటువాళ్లను, అటువాళ్లు ఇటువాళ్లను అనరాని మాటలన్నీ అనుకున్నాక, అన్నీ సద్దుమణిగాక, ఎవరో ఒకరు కలపాలి కదా అని ఎనిమిదిమందితో దీన్ని మొదలుపెట్టాడు. మొదట్లో ఆంధ్రా, తెలంగాణ మధ్యే తిరిగేవాళ్లు. తర్వాత బీదర్ వెళ్లారు, నాందేడ్ వెళ్లారు. ప్రతి చోటా సభ జరిగేది, సోదరభావం గురించి మాట్లాడేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, భోంచేసి వచ్చేసేవాళ్లు. ఎంత తిరిగినా చేతికొచ్చిన పని ఒక్కటీ లేదు. ఈ సంగతి పైకి అన్నది ఐజాక్ ఒక్కడే. మాట అన్నవాడికే పని అప్పగించడం ఏ సంఘంలోనైనా ఆనవాయితీ కాబట్టి ఆయన్ను కార్యదర్శిని చేశారు.

ఐజాక్ అంతకుముందు ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా. స్టోర్స్‌లో ఒకటే సూత్రం: ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. కొత్తది కింద పెట్టాలి, పాతది పైన ఉండాలి, అడిగినవాడికి పైది తీసివ్వాలి. సరుకును చూడక్కర్లేదు, వరస చూస్తే చాలు. ఈ సూత్రం ఆయన వెంట ఇంటికీ వచ్చింది. ఆ ఇంట్లో తాజా బిస్కెట్టు తిన్నవాళ్లు లేరు. కొత్త ప్యాకెట్టు విప్పాలంటే పాతది అవ్వాలి, పాతది అయ్యేసరికి కొత్తదీ మెత్తబడుతుంది. మేబెల్ పోట్లాడి పోట్లాడి చివరికి తన బిస్కెట్లు బీరువాలో చీరల కింద దాచుకోవడం మొదలుపెట్టింది.

మండలిలో ఈ సూత్రం శాలువాలకు పనికొచ్చింది. మన దగ్గర సభ అంటే శాలువా ఉండాలి. అధ్యక్షుడికి ఒకటి, ముఖ్య అతిథికి ఒకటి, ముఖ్య అతిథి వెంట వచ్చినవాడికి ఒకటి. కప్పిన శాలువా భుజం మీద ఫొటో తీసేంతసేపు ఉంటుంది. తర్వాత దాన్ని సంచిలో పెడతారు, సంచిని కారు వెనక సీటులో పెడతారు, కారులోంచి ఇంట్లోకి వెళ్లాక అది ఎవరికీ అక్కర్లేదు. అమ్మిరాజు భార్య కామాక్షి, ఇంకో శాలువా గుమ్మం దాటి లోపలికొస్తే తాను బయటికి వెళ్తానని చెప్పేసింది. అప్పటినుంచి అమ్మిరాజు తనకొచ్చినవన్నీ ఆఫీసుకు పంపడం మొదలుపెట్టాడు. మిగతా ఆరుగురూ అదే పని చేశారు. ఐజాక్ ఒక్కోదాన్ని మండలి పేరు అచ్చువేయించిన కాగితపు సంచిలో పెట్టి, ఇనప బీరువాలో దొంతరగా పేర్చాడు. కొత్తవి కింద, పాతవి పైన. సభ ఉన్నప్పుడు పైనుంచి తీసేవాడు. నాలుగేళ్లలో మండలి ఒక్క శాలువా కూడా కొనలేదు. ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ ఆయన ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

రెండేళ్ల కింద మండలివాళ్లు ఎనిమిదిమందీ వ్యాన్ మాట్లాడుకుని షోలాపూర్ వెళ్లారు. అక్కడి తెలుగు నేతవాళ్ల తాతముత్తాతలు ఎప్పుడో కరీంనగర్, మెదక్ వైపు నుంచి బతకడానికి పోయినవాళ్లు. బజార్లో మరాఠీ మాట్లాడతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఆ తెలుగు వింటుంటే పాత ఇంట్లో ఎప్పుడో మూసిన గది తెరిచినట్టనిపించింది ఐజాక్‌కు. వాళ్లకు మూడు బాధలు. దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తారు గానీ మధ్యవాళ్ల దయ లేనిదే అవి ఊరు దాటవు. పిల్లలకు తెలుగు బడి ఉంది గానీ జూన్‌లో రావాల్సిన పుస్తకాలు ఏ దసరాకో వస్తాయి, ఈ ప్రభుత్వాన్ని అడిగితే ఆ ప్రభుత్వాన్ని అడగమంటారు. మార్కండేయ రథం ఊరేగింపుకు ఇటు నుంచి ఒకప్పుడు బంధువులు బళ్లకొద్దీ వచ్చేవాళ్లు, ఇప్పుడు ఫోన్లో చూస్తున్నారు. ఐజాక్ ఇవన్నీ తన కాగితం మీద రాసుకున్నాడు. అక్కడే, వాళ్ల సంఘం హాల్లో, హరికిషన్ ఆయన పక్కకొచ్చి నిలబడి, చాలామంది వచ్చిన్రు సార్, చాలామంది రాసుకున్నరు, అని చెప్పి ఊరుకున్నాడు. కోపంగా చెప్పలేదు. అందుకే ఐజాక్‌కు అది ఎక్కువ తగిలింది. ఈసారి అలా కానివ్వనని అప్పటికప్పుడు మాటిచ్చాడు.

ఆ సభలో షోలాపూర్‌వాళ్లు వీళ్లకు శాలువాలు కప్పారు. బజారు శాలువాలు కావు. హరికిషన్ తండ్రి ఎనభై దాటినాయన, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క గుంత మగ్గం మీద ఈ ఎనిమిదిమంది కోసమే నేసినవి. ముతక నూలు, గోధుమ రంగు, ముదురెరుపు అంచు. ముసలాయనకు చూపు ఆనదు. అందుకని ఏ కొస ఎక్కడుందో వేలితో తెలుసుకోవడానికి ప్రతి శాలువా మూలనా చిన్న ముడి వేసుకునేవాడు. ఆ సంగతి హరికిషనే చెప్పాడు. అందరూ ముడిని తడిమి చూసి ఆశ్చర్యపడ్డారు. రాత్రికి మా ఇండ్లల్లనే ఉండుండ్రి అని వాళ్లు ఎంతో బతిమాలారు గానీ, మీకెందుకు శ్రమ అంటూ వీళ్లు లాడ్జికి వెళ్లిపోయారు. మర్నాడు తిరుగు ప్రయాణంలో వ్యాన్ దిగేటప్పుడు ఏడుగురూ ఏడు శాలువాలు ఐజాక్ చేతిలో పెట్టారు. ఆయన వాటిని సంచుల్లో పెట్టాడు. తనదీ పెట్టాడు. బీరువాలో దొంతర అడుగున చేర్చాడు.

రెండేళ్లలో పైవన్నీ పోయాయి. అడుగునున్నవి పైకి వచ్చాయి.

సభ ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో పెట్టారు. వచ్చినవాళ్లు ఒక లాడ్జిలో స్నానాలు చేసి తయారయ్యారు, సాయంత్రం రైలుకే తిరుగు టికెట్లు. అంతా ఐజాక్ ఏర్పాటే. మైకు, ఫ్లెక్సీ, కుర్చీలు, భోజనాలవాళ్లకు మూడో ఫోను. అలా తిరుగుతూనే బీరువా తెరిచి పైనున్న ఎనిమిది సంచులు తీసి ఆటోలో వేశాడు. ఒప్పందం చక్కగా కుదిరింది. అమ్మిరాజు తన భవనంలో కింది అంతస్తు దుకాణం ఇస్తాడు. సగంలో షోలాపూర్ దుప్పట్లు, సగంలో జనగామ వైపు నేతవాళ్ల బట్టలు. జూన్‌కల్లా పుస్తకాలు అక్కడికి చేర్చే పూచీ మండలిది, అందుకోసం రెండు ప్రభుత్వాలకూ ఇద్దరూ కలిసే అర్జీ పెట్టుకుంటారు. రథానికి ఏటా యాభైమంది ఇక్కణ్నుంచి వెళ్తారు. ఒక మాజీ శాసనసభ్యుడు వచ్చి, దక్కను ప్రజల రక్తసంబంధం గురించి పావుగంట మాట్లాడి, ఇంకో సభ ఉందని వెళ్లిపోయాడు.

సన్మానం మొదలైంది. ఐజాక్ మైకు ముందు నిలబడి పేర్లు చదువుతున్నాడు. మొదటి పేరు వాళ్ల సంఘం పెద్ద రాజేందర్‌ది. అమ్మిరాజు సంచిలో చెయ్యి పెట్టి శాలువా బయటికి లాగాడు. ముదురెరుపు అంచు. ఏం జరిగిందో ఐజాక్‌కు వెంటనే అర్థమైంది, మిగతా ఏడు సంచుల్లో ఏముందో కూడా అర్థమైంది. అప్పుడే ఆపి ఉండొచ్చు. మైకు పాడైందనో, భోజనాలు చల్లారిపోతున్నాయనో ఏదో ఒకటి చెప్పి ఆపి ఉండొచ్చు, అలాంటివి చెప్పడం ఆయనకు కొత్త కాదు. ఆపలేదు. రెండో పేరు చదివాడు. తర్వాత మూడోది. సభ నడవాలి, సంతకాలు పడాలి, ఇంకో గంట గడిస్తే చాలు అనుకుంటూ ఎనిమిది పేర్లూ చదివేశాడు. ఆ గంట గురించి తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

హరికిషన్ పేరు అయిదోది. శాలువా కప్పగానే నమస్కారం పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాక ఆయన వేళ్లు అంచు వెంబడి మెల్లగా నడుచుకుంటూ మూల దాకా వెళ్లి అక్కడ ఆగాయి. తల తిప్పి పక్కవాడి భుజం చూశాడు. తర్వాత అవతలివాడి భుజం చూశాడు. షోలాపూర్‌వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఐజాక్‌ను అంతకంటే ఎక్కువ భయపెట్టింది మండలివాళ్ల మొహాలు. తమ చేతులతో కప్పారు, ఒకప్పుడు తమ భుజాల మీదే మోశారు, ఒక్కరికైనా గుర్తు రాలేదు.

చప్పట్ల మధ్య అమ్మిరాజు దగ్గరికి వెళ్లి చెవిలో సంగతి చెప్పాడు. అమ్మిరాజు తెల్లబోయాడు. వేదిక వైపు చూసి, కళ్లజోడు సర్దుకుని, మళ్లీ చూశాడు.

"ఎవరు గమనించారండీ ఐజాక్ గారూ? మీరు కంగారుపడి అందర్నీ కంగారు పెట్టకండి. ముందు సంతకాలైపోనివ్వండి" అన్నాడు.

ఐజాక్ వంటల దగ్గరికి వెళ్లాడు, తిరిగొచ్చాడు. ఒప్పందం కాగితాలు తీసి చూశాడు, పెట్టాడు. బగారన్నం వడ్డిస్తున్నవాడికి అక్కర్లేని సలహా ఒకటి చెప్పాడు. ఆయన కాళ్లు హాలంతా తిరుగుతున్నాయి గానీ కళ్లు మాత్రం హరికిషన్ మీదే ఉన్నాయి. హరికిషన్ మామూలుగానే తిన్నాడు. శాలువా తీయలేదు. లేచి చేతులు కడుక్కోవడానికి బయట నల్లా దగ్గరికి వెళ్లినప్పుడు ఐజాక్ ఇక ఆగలేక వెనకాలే వెళ్లి జరిగిందంతా చెప్పేశాడు. బీరువా, దొంతర, పైది ముందు తీయడం, ఏదీ దాచలేదు. తప్పు తనదే, మండలిది కాదు అన్నాడు.

హరికిషన్ చేతులు తుడుచుకోవడానికి జేబురుమాలు తీశాడు, శాలువాకు తడి తగలకుండా.

"నాయిన పోయిన సాలు పోయిండు సార్. కండ్లు కానకున్నా అయిదు నెలలు గుంతల కూసోని నేసిండు. ఇవ్వే ఆఖరివి."

ఐజాక్ వారానికి రెండుసార్లు ఈ మనిషితో ఫోన్లో మాట్లాడాడు. ఆధార్ నకళ్లు అడిగాడు, సంఘం రిజిస్ట్రేషన్ నంబరు అడిగాడు, దుప్పటి కొలతలు అడిగాడు. షోలాపూర్ వెళ్లినప్పుడూ సంఘం హాలు దాటి వాళ్లింటికి వెళ్లలేదు, ముసలాయన ఎలా ఉన్నాడని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు చెప్పలేదేం అని అడగబోయి, అడగాల్సింది తానేనని తెలిసి నోరు మూసుకున్నాడు.

"నీది సుత వీట్లనే ఉన్నదా?" అని అడిగాడు హరికిషన్.

"ఉంది. నేనే పెట్టిన."

"ఎనిమిదిట్ల ఒక్కటన్న ఒక్క ఇంట్ల ఉండకపాయె."

అంతే అన్నాడు. ఐజాక్ బతిమాలడం మొదలుపెట్టాడు. శాలువా వేరు, ఒప్పందం వేరు, దుకాణం నిజంగానే ఉంది, తాళాలు కూడా తన దగ్గరే ఉన్నాయి, పుస్తకాల సంగతి మేబెల్ చూసుకుంటుంది అంటూ ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోయాడు. హరికిషన్ అంతా విన్నాడు. జెర లోపలికి పోదాం సార్ అని నడిచాడు.

లోపల బల్ల మీద ఒప్పందం కాగితాలు, పెన్నులు, పూల గుత్తి. హరికిషన్ రాజేందర్ చెవిలో ఏదో చెప్పాడు. రాజేందర్ ఆలోచించి తలూపాడు. తర్వాత ఎనిమిదిమందీ శాలువాలు తీసి మడతలు పెట్టారు. హరికిషన్ వాటిని కాగితాల పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి, మైకు తీసుకోకుండానే మాట్లాడాడు. ఇవి తన తండ్రి నేసినవనీ, రెండేళ్ల కింద ఇక్కడున్న ఎనిమిదిమందికే కప్పినవనీ చెప్పాడు. అప్పుడు మండలివాళ్లు వంగి చూశారు. ఒకాయన చెయ్యి చాచి మూల తడిమాడు. ముడి దొరికింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"శాలువల పంచాయితి పెట్టనీకి రాలే. ఇవి మాతోనే ఒస్తయి" అన్నాడు హరికిషన్. "గని సంతకం ఇయ్యాల ఒద్దు. రైలు టికెట్లు పోతే పోనీ. రేపు పొద్దుగాల పెడ్తం. మేం ఎనిమిదిమందిమి ఉన్నం, మీరు ఎనిమిదిమంది ఉన్నరు. తలా ఒకర్ని మీ ఇంటికి తీస్కపోండ్రి. ఒక పూట మీ ఇంట్ల తింటం, పండుతం. తెల్లారి లేచి వచ్చి సంతకం పెడ్తం."

అందరూ ఒక్కసారి కదిలారు. ఐజాక్ చెయ్యి మొదటే లేచింది. తిరుమలగిరిలో ఉండే రిటైరైన బ్యాంకు ఆయన ఒకరు, బట్టలు కుట్టించే దుకాణం నడిపే ఇంకొకరు సరేనన్నారు. మిగిలిన అయిదుగురికీ ఇబ్బందులు పుట్టుకొచ్చాయి. ఒకాయన ఇంట్లో మనవడికి పరీక్షలు. ఒకాయన ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఒకాయన ఫ్లాటు మరీ చిన్నది. మంచి ఏసీ లాడ్జి ఉంది, ఖర్చంతా మాది అన్నాడు నాలుగో ఆయన. అయిదో మనిషి అమ్మిరాజు. నాలుగు పడగ్గదుల ఇల్లు ఆయనది. పూల గుత్తి వైపు చూస్తూ కూర్చున్నాడు.

అయిదుగురు షోలాపూర్‌వాళ్లు సంచులు పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నారు. బళ్లో ఆటకు జట్లు పంచేటప్పుడు ఎవరూ పిలవని పిల్లల్లా ఉన్నారు. ఐజాక్‌కు అది చూడలేక ఒళ్లు మండింది, కళ్లు కూడా చెమర్చాయి. ఎప్పటిలాగే అడ్డం పడ్డాడు.

"పరేషాన్ ఎందుకు? అందర్నీ మా ఇంటికే తీస్కపోత. మేబెల్ ఉంది, చాపలున్నయి, ఏం తక్లీఫ్ లేదు" అన్నాడు.

హరికిషన్ ఆయన వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం లేదు. కొంచెం జాలి ఉంది.

"అందర్ని నువ్వొక్కనివే తీస్కపోతే, రేపు సంతకం సుత నువ్వొక్కనివే పెట్టాలె సార్."

ఐజాక్ ఇన్నేళ్లూ చేసింది ఇదే. అమ్మిరాజు రాయాల్సిన ఉత్తరాలు తాను రాశాడు, సభ్యులు అడగాల్సిన క్షేమాలు వాళ్లే అడిగినట్టు తాను అడిగాడు, రానివాళ్ల బదులు తాను వెళ్లాడు. రెండు ఊళ్ల మధ్య స్నేహముందని అందరూ అనుకున్నారు. ఉన్నదల్లా ఒక స్టోర్స్ గుమాస్తా, అతని ఫోను. ఆ గుమాస్తాకు కూడా అవతలి ఇంట్లో మనిషి పోయిన సంగతి తెలియదు. ఈసారి అడ్డం పడితే కాగితం నిలబడుతుందేమో గానీ, దాని వెనక ఎవరూ ఉండరు. అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అమ్మిరాజు అలవాటుగా ఆయన వైపు చూశాడు, లేచి ఏదో ఒకటి సర్దుతాడేమోనని. ఐజాక్ లేవలేదు. లేవకుండా ఉండటానికి కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

పరీక్షలాయన ఫోను తీశాడు. చిన్న ఫ్లాటాయన, ముందు గదిలో పడుకుంటే పర్వాలేదా అని ఒక షోలాపూర్ కుర్రాణ్ని నెమ్మదిగా అడిగాడు. రంగులాయన కూడా ఇంటికి మాట్లాడి, వాసన ఒక్కటే బాబూ, ఇంకేం లేదు అన్నాడు. ఏసీ లాడ్జి ఆయన ఫోను మాట్లాడతానని బయటికి వెళ్లాడు. బయట కారు బయలుదేరిన చప్పుడైంది, మళ్లీ రాలేదు. ఆ మనిషి వంతుకు వచ్చిన అతిథిని ఐజాక్ తన వైపు రమ్మన్నాడు. హరికిషన్ దానికి అడ్డు చెప్పలేదు. రేపు ఏడు సంతకాలే సార్ అన్నాడు, అంతే.

ఇక మిగిలింది అమ్మిరాజు, ఆయన ఎదురుగా హరికిషన్. అమ్మిరాజు నుదురు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"కామాక్షీ, ఒకాయన వస్తున్నారు. షోలాపూర్ నుంచి. భోజనానికి మాత్రమే కాదు, రాత్రికి ఉంటారు. లాడ్జిలో కాదు, మనింట్లో." అవతల ఏదో అడుగుతోంది. అమ్మిరాజు వింటూ నిలబడ్డాడు. పది మంది చూస్తుండగా భార్యతో ఇంతసేపు మాట్లాడటం ఆయనకు ఇబ్బందిగానే ఉంది. ఫోను చెవి దగ్గర్నుంచి కొంచెం తీసి, చెయ్యి అడ్డం పెట్టి హరికిషన్ వైపు చూశాడు.

"మా ఆవిడ అడుగుతోందండి. పొద్దున్నే మీరు కాఫీ తాగుతారా, టీ తాగుతారా?"

రెండేళ్లలో సెక్రటేరియట్ చుట్టూ తిరిగారు, మూడు తీర్మానాలు చేశారు, పదకొండు పేజీల ఒప్పందం రాశారు. ఈ మాట ఎవరూ అడగలేదు. జవాబు ఏమిటోనని ఐజాక్ కూడా కుర్చీలో ముందుకు వంగాడు, ఆయనకూ తెలియదు మరి.

"చాయ్" అన్నాడు హరికిషన్. "చక్కెర జెర తక్కువెయ్యమను అమ్మను."

అమ్మిరాజు ఆ మాట ఫోన్లో ఉన్నదున్నట్టు భార్యకు చెప్పి, వంగి ఆయన సంచి అందుకున్నాడు.